రగ్బీ గ్రౌండ్లు కడతానంటున్నాడు, అన్నం పెడుతుందా?

ప్రశ్న: సార్, మాది రాజమహేంద్రవరం. మా అబ్బాయి విజయవాడలో బి.ఆర్క్ నాలుగో ఏడాది చదువుతున్నాడు. అమ్మాయీ అల్లుడూ సిడ్నీలో పారమట్టా దగ్గర ఉంటారు. మొన్న సెలవులకు అక్క తమ్ముణ్ణి పిలిపించుకుని అక్కడి స్టేడియంలో రగ్బీ లీగ్ మ్యాచ్‌కి తీసుకెళ్లింది. వచ్చినప్పట్నుంచి వీడికి అదే ధ్యాస. థీసిస్ రగ్బీ స్టేడియం మీదే చేస్తాడట, చదువయ్యాక అలాంటి స్టేడియాలు డిజైన్ చేసే కంపెనీలోనే చేరతాడట. వాళ్ల నాన్నగారు ‘మన దగ్గర లేని ఆటకి గ్రౌండ్లు కడతాడంట’ అని నవ్వుతున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఇది అన్నం పెట్టే పనేనా? అక్క దగ్గరికి పంపేయమంటారా?

జవాబు: అమ్మా, మీవారు నవ్వితే నవ్వారు గానీ, ఆ మాటలో సగం నిజముంది. ముందు ఆ సగం చెప్పేస్తాను.

రగ్బీ అంటే ఒకటి కాదు, రెండు. జట్టుకి 15 మంది ఆడేది రగ్బీ యూనియన్. మీ అబ్బాయి చూసింది 13 మంది ఆడే రగ్బీ లీగ్. ఇంగ్లండ్ ఉత్తరాన గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం మ్యాచ్ ఆడితే ఆ పూట కూలి పోయేది. ఆ కూలి డబ్బు క్లబ్బు ఇవ్వొచ్చా లేదా అన్న తగాదాతో 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో విడిపోయి మొదలైన ఆట ఇది. కబడ్డీ తెలిసినవాళ్లకి అర్థం కావడం కష్టం కాదు. పట్టుకుని పడెయ్యడమే అసలు పని, కాకపోతే చేతిలో బంతి ఉంటుంది. 2025లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆడారు కదా అని ఎవరైనా అంటే, అది ఏడుగురి ఆట, దాని దారి వేరు. మీ అబ్బాయి ముచ్చటపడ్డ ఆటకి బలమున్నది ఆస్ట్రేలియా తూర్పు తీరంలో, దాని పక్కన న్యూజిలాండ్, పాపువా న్యూ గినీల్లో, ఇంగ్లండ్ ఉత్తరాది ఊళ్లలో. ఈ ఒక్క ఆట స్టేడియాలే గీస్తూ బతుకు వెళ్లదీసే ఆర్కిటెక్ట్ అక్కడ కూడా ఉండడు. ఈ విషయం బాబుకి మీరు చెబితే నొచ్చుకుంటాడేమో, నేను చెప్పానని చెప్పండి.

ఇక మిగతా సగం. మీ అబ్బాయి మనసు దోచింది ఆట అని మీరనుకుంటున్నారు. నాకైతే ఆ కట్టడమే అనిపిస్తోంది.

అతను చూసింది పారమట్టాలోని కామ్‌బ్యాంక్ స్టేడియం అయి ఉంటుంది. 1986 నాటి పాత స్టేడియం కూల్చి, అదే చోట 30 వేల సీట్లతో కట్టి 2019 ఏప్రిల్‌లో తెరిచారు. డిజైన్ పాపులస్ అనే సంస్థది. మన అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియం డిజైన్ చేసిందీ వాళ్లే. పారమట్టాలో స్టాండ్లు 34 డిగ్రీల వాలుతో, నిచ్చెన వేసినట్టు లేస్తాయి. పైవరుసలో కూర్చున్నా ఆటగాళ్లు కాళ్ల కిందే ఉన్నట్టుంటుంది. దీని వెనక ఒక లెక్క ఉంది. ముందు వరుసలో మనిషి కంటికి ఎంత పైనుంచి వెనక మనిషి చూపు పోతుందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. దాన్ని సి-వాల్యూ అంటారు. 60 ఉంటే మెడ కాస్త అటూ ఇటూ తిప్పాలి, 90 ఉంటే ఒక మోస్తరు, 120 ఉంటే సుఖం, 150 ఉంటే ముందువాడు టోపీ పెట్టుకున్నా ఫరవాలేదు. మన తిరనాళ్ల నాటకాల్లో ముందు తలపాగా కూర్చుంటే వెనకవాళ్లు పడే బాధ గుర్తు తెచ్చుకోండి, ఆ 150 ఎందుకో తెలిసిపోతుంది.

రగ్బీ లీగ్‌లో ఈ లెక్క మరీ ముఖ్యం. పాయింట్లు తెచ్చే ‘ట్రై’ చాలాసార్లు మైదానం మూలలో పడుతుంది. ఆటగాడు గాల్లోకి దూకి, పక్క గీత దాటకుండా బంతిని గోల్ గీత అవతల నేలకి ఆనించాలి. ఆ మూల నేల కనిపించకపోతే టికెట్ డబ్బు దండగే. ఒకసారి నేను ఒక క్రికెట్ మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని వెళితే నా సీటుకి ఎదురుగా ఇనుప స్తంభం ఉంది. మూడు గంటలూ ఎడమ చెవి భుజానికి ఆనించి చూశాను. డ్రాయింగ్ బోర్డు మీద ఎవరో చేసిన తప్పు నా మెడకి చుట్టుకుంది. అది సరిదిద్దే పనే మీవాడు నేర్చుకుంటానంటున్నాడు. అది ఏ ఆటకైనా పనికొస్తుంది, సినిమా హాలుకి కూడా.

మైదానం కొలతలు కూడా బాబుకి కలిసొచ్చేవే. లీగ్ మైదానం గోల్ గీతల మధ్య 100 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు, రెండు చివర్లా బంతి ఆనించే చోటు అదనం. ఫుట్‌బాల్ మైదానం 105కి 68. రెండూ దాదాపు ఒకే దీర్ఘచతురస్రంలో ఇముడుతాయి కాబట్టి పారమట్టాలో ఈల్స్ అనే లీగ్ జట్టుతోపాటు వాండరర్స్ అనే ఫుట్‌బాల్ జట్టూ అక్కడే ఆడుతుంది. వాండరర్స్ అభిమానులు నిలబడి పాడతారని ఉత్తరం వైపు స్టాండ్‌లో సీట్లు మడిచేసి నిలబడే ఏర్పాటు పెట్టారు. అంటే ‘రగ్బీ స్టేడియం’ అని బాబు పిలిచేది నిజానికి దీర్ఘచతురస్రాకారపు స్టేడియం. రెజ్యూమెలో అలాగే రాయమనండి. ఆ పేరుతో ఉద్యోగావకాశాలు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

కొత్తవి కట్టడం కన్నా పాతవాటిని బాగుచేసే పని ఎక్కువ. నా ఉద్దేశంలో అసలు చదువంతా అక్కడే ఉంది. సిడ్నీలో మూర్ పార్క్ స్టేడియం సంగతి చూడండి. 1988లో తెరిచినప్పుడు దాని అలల కప్పు చూసి అంతా మురిసిపోయారు. కానీ వాన పడితే ముందు వరుసలు తడిసేవి, ఆడవాళ్లకి టాయిలెట్లు చాలేవి కావు. ముప్పై ఏళ్లకే 2019లో కూల్చేశారు. 82.8 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లతో 42,500 సీట్ల కొత్త స్టేడియం 2022లో లేచింది. మొదటి దాన్ని గీసిందీ, రెండోదాన్ని గీసిందీ కాక్స్ ఆర్కిటెక్చర్ వాళ్లే. తాము గీసిన దాన్ని తామే కూల్చుకుని మళ్లీ గీయాల్సిరావడం ఎలా ఉంటుందో! 2018 నుంచి ఎన్‌ఆర్‌ఎల్‌లో, అంటే అక్కడి పెద్ద రగ్బీ లీగ్ పోటీలో, మహిళల పోటీ కూడా జరుగుతోంది కాబట్టి ఇప్పుడు డ్రెస్సింగ్ రూములు కూడా మారాలి. వరసగా నిలబడి స్నానం చేసే పాత మగవాళ్ల షవర్లు ఇక చెల్లవు.

ఇంగ్లండ్‌లో ఇంకో తమాషా ఉంది. లీడ్స్‌లోని హెడింగ్లీలో ఒకే స్టాండ్‌కి ఒక వైపు క్రికెట్, మరో వైపు రగ్బీ లీగ్. 2019లో దాన్ని కొత్తగా కట్టినప్పుడు రెండు ఆటల కొలతలూ ఒకే గోడకి వీపు ఆనించాల్సి వచ్చింది. ఆట పుట్టిన హడర్స్‌ఫీల్డ్‌లో 1994లో తెరిచిన స్టేడియానికి కప్పుని మోసే వంపు తిరిగిన తెల్లటి ట్రస్సులు, అంటే ఉక్కు చట్రాలు, ఉన్నాయి. మరుసటి ఏడాది ఆ దేశపు ఆర్కిటెక్టుల సంఘం దానికి ఏటా ఇచ్చే ఉత్తమ భవనం అవార్డు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో పెద్ద రగ్బీ లీగ్ పోటీ అయిన సూపర్ లీగ్‌లో ఏ క్లబ్బు ఉండాలో తేల్చడానికి 20 పాయింట్ల లెక్క పెట్టారు. అందులో 3 స్టేడియానివే. సౌకర్యాలు చూస్తారు, జనం ఎంత నిండుతున్నారో కూడా చూస్తారు. కాబట్టి ఆ చిన్న ఊళ్ల క్లబ్బులన్నీ పాత స్టాండ్లని ఎలాగో ఒకలాగ బాగుచేసుకోవాలని తంటాలు పడుతున్నాయి. తక్కువ డబ్బు, ఇరుకు స్థలం, పక్కనే ఇళ్లు. నా మటుకు నాకు, పెద్ద గుడ్డు ఆకారంలో కలల స్టేడియం గీసిన కుర్రాడికన్నా ఇలాంటి చిక్కు విప్పిన కుర్రాడిమీదే నమ్మకం ఎక్కువ.

కోస్తాలో పుట్టినవాడు కాబట్టి టౌన్స్‌విల్ గురించి ప్రత్యేకంగా చెప్పండి. క్వీన్స్‌ల్యాండ్ ఉత్తరాన తుఫాన్ల ఊరు. 2020లో తెరిచిన 25 వేల సీట్ల స్టేడియం అక్కడుంది. దాని కప్పుకి ప్యాండనస్ చెట్టు స్ఫూర్తి అని డిజైనర్లు చెప్పారు. ప్యాండనస్ అంటే ఏమిటో కాదు, మన మొగలి పొద ఆ కుటుంబమే. తుఫాను గాలి కప్పుని కిందికి నొక్కడం కన్నా పైకి లాగేయడం పెద్ద ప్రమాదం. హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఎగిరిపోయిన రేకులు చూసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. ఆ విషయం మీద బాబు నాలుగు మాటలు లోతుగా మాట్లాడగలిగితే ఇంటర్వ్యూలో ఎదుటివాడు పెన్ను పక్కన పెడతాడు.

ఇప్పుడు అందంగా లేని భాగం. ఈ పనిలో చేరినవాళ్లు మొదటి కొన్నేళ్లు కప్పులు గీయరు. మెట్లు, రెయిలింగులు, టాయిలెట్లు, బయటికి పోయే దారులు గీస్తారు. బ్రిటన్‌లో ‘గ్రీన్ గైడ్’ అని పిలిచే భద్రతా పుస్తకం ఉంది. 1971లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్ ఫుట్‌బాల్ మైదానం మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది పోయాక, 1973లో మొదలైంది. దాని లెక్క ప్రకారం మీటరు వెడల్పున్న చదును దారిలో నిమిషానికి 82 మంది, మెట్ల మీదైతే 66 మంది పోగలరు. మామూలుగా ఎనిమిది నిమిషాల్లో అందరూ స్టాండ్ దాటాలి. 30 వేల మందికి లెక్కేయండి. చదును దారైతే మొత్తం కలిపి 46 మీటర్ల వెడల్పు, మెట్లైతే 57 మీటర్లు కావాలి. అది కూడా ఏ స్టాండ్‌కి ఆ స్టాండ్ విడిగా చూసుకోవాలి. మన దగ్గర పుష్కరాల్లో, గుళ్లలో, సభల్లో ఏం జరుగుతోందో గోదావరి ఒడ్డున ఉన్న మీకు నేను చెప్పాలా? జనాన్ని లెక్కగట్టడం తెలిసిన ఆర్కిటెక్ట్‌కి మన రాష్ట్రాల్లోనే పని ఉంది. మీరడిగిన ‘అన్నం’ ఈ లెక్కలోంచి వస్తుంది, రగ్బీలోంచి కాదు.

ఇంకో విషయం దాచను. స్టేడియాలు ప్రభుత్వ డబ్బుతో కట్టేవి కాబట్టి రాజకీయాలతో లేస్తాయి, పడతాయి. ‘స్టేడియాల కన్నా ముందు బడులు, ఆస్పత్రులు’ అన్న మాట 2019 న్యూ సౌత్ వేల్స్ ఎన్నికల్లో గట్టిగా వినిపించింది. ఒలింపిక్స్ జరిగిన పెద్ద స్టేడియాన్ని మార్చి కట్టే పథకాన్ని 2020లో కోవిడ్ వేళ రద్దు చేశారు. అలాంటి రోజున డిజైన్ టీమ్‌లో ఉన్నవాళ్లు వేరే ప్రాజెక్టుకి మారాలి, లేదా వేరే ఉద్యోగం చూసుకోవాలి. అందుకే ఆస్పత్రులు, రైల్వే స్టేషన్లు, ఎయిర్‌పోర్టులు కూడా చేసే సంస్థలో చేరడం మేలు. మరో వైపు సిడ్నీ శివారు పెన్‌రిత్‌లో పాత స్టేడియం పని కోసం 2025లో పాంథర్స్ జట్టు సొంతూరు వదిలి పారమట్టాలో ఆడింది. 2027లో పెర్త్ జట్టు, 2028లో పాపువా న్యూ గినీ జట్టు ఎన్‌ఆర్‌ఎల్‌లో చేరేలా నిర్ణయించారు. పని బొత్తిగా ఎండిపోయే రంగం కాదు.

ఇక ఏం చేయాలి? థీసిస్‌కి ‘సిడ్నీలో రగ్బీ స్టేడియం’ వద్దనండి. స్థలం చూడకుండా, కొలవకుండా గీసింది జ్యూరీ ముందు నిలవదు. విజయవాడలోనే ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం ఉంది. ఆటలకన్నా సభలకి, పరేడ్లకి ఎక్కువ గుర్తొచ్చే చోటు. ఒక స్టాండ్ ఎంచుకుని, అనుమతి తీసుకుని టేపుతో కొలవమనండి. మెట్టు ఎత్తు ఎంత, లోతు ఎంత, సి-వాల్యూ ఎంత వస్తోంది, బయటికి దారి ఎన్ని మీటర్లు. పారమట్టా, హెడింగ్లీ నేర్పిన పాఠాలతో ఆ స్టాండ్‌ని తక్కువ ఖర్చులో ఎలా మార్చొచ్చో చూపిస్తే అదే థీసిస్. రివిట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఎలాగూ వచ్చి ఉండాలి. రైనో, గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్లు కూడా నేర్చుకుంటే వరుసలన్నిటికీ చూపు లెక్క ఒక్క క్షణంలో తిరగరాయొచ్చు. ట్రైనింగ్ సెమిస్టర్‌లో ఏదైనా పెద్ద నిర్మాణాల ఆఫీసులో, వీలైతే స్ట్రక్చరల్ ఇంజనీర్ల పక్కన కూర్చునే చోట చేరమనండి. ఏకామ్, డబ్ల్యూఎస్‌పీ లాంటి విదేశీ ఇంజనీరింగ్ సంస్థలకి మన దేశంలోనే ఆఫీసులున్నాయి.

అక్క దగ్గరికి ఇప్పుడే వద్దు. డిగ్రీ అయ్యాక ఇక్కడ కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయి, ఒకటి రెండేళ్లు పనిచేసి, అప్పుడు అక్కడ గుర్తింపు ఉన్న మాస్టర్స్‌కి వెళ్లడం నయం. మన డిగ్రీతో అక్కడ తిన్నగా ‘ఆర్కిటెక్ట్’ అని పేరు పెట్టుకోవడం కుదరదు. వాళ్ల పరీక్షకి కూర్చోవాలంటే 3,300 గంటల పని అనుభవం రాసి చూపించాలి. అప్పు చేసి పంపేముందు ఈ అంకె మీవారికి చూపించండి. అక్క ఇంట్లో గది ఉంది కదా అన్నది ఖర్చు తగ్గించే మాటే గానీ, ఉద్యోగం ఇచ్చే మాట కాదు.

అక్కతో ఇప్పుడే చేయించుకోదగ్గ పని మాత్రం ఒకటుంది. ఈసారి ఈల్స్ మ్యాచ్‌కి వెళ్లినప్పుడు హాఫ్ టైమ్‌లో ఆడవాళ్ల టాయిలెట్ ముందు క్యూ ఎంతసేపు సాగిందో, చివరి విజిల్ పడ్డాక తన సీటు నుంచి బయట రోడ్డు మీద పడడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో టైమర్ పెట్టి రాసిపంపమనండి. మీవాడి థీసిస్‌కి మొదటి పేజీ అక్కడ మొదలవుతుంది.