21 ఎందుకు?

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మొదటిసారి కోడ్ పంపినవాళ్లవే. పంపి, చీవాట్లు తిన్నవాళ్లవి. కొత్తవాళ్ల కోసం ఒక మాట: కోడ్ మార్పుల చరిత్రని దాచిపెట్టే సాధనం గిట్, అందులో దాచే ఒక్కో మార్పు ఒక కమిట్, దానికి జోడించే వివరణ కమిట్ మెసేజ్, ఏ లైను పోయి ఏది వచ్చిందో చూపించేది డిఫ్.

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఒక ప్రాజెక్టుకి మూడు లైన్ల మార్పు పంపాను. కోడ్ బాగుందన్నారు. కానీ కమిట్ మెసేజ్ మార్చమని రెండుసార్లు వెనక్కి పంపారు. ‘ఫిక్స్‌డ్ బగ్’ అని రాశాను. ఏం మార్చానో డిఫ్‌లో కనబడుతూనే ఉందిగా! కొత్తవాడినని ఆడిస్తున్నారా?

జవాబు: లేదు తమ్ముడూ. నా మొదటి ప్యాచ్ (ప్రాజెక్టుకి పంపే మార్పు) కూడా రెండుసార్లు వెనక్కొచ్చింది. అప్పుడు నేనూ ఇలాగే ఉడికిపోయాను.

ఆ ప్రోగ్రాం శీర్షికలను 20 బైట్ల దగ్గర కత్తిరించి జాబితాలో చూపించేది. ఇంగ్లీషుకి ఇబ్బంది లేదు. ‘సమాచారపత్రిక’ అని ఇస్తే మాత్రం ‘సమాచార’ తర్వాత నల్ల డైమండులో ఓ ప్రశ్నార్థకం ప్రత్యక్షమయ్యేది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతపు గుర్తుకి మరో 3. ‘సమాచార’లో నాలుగు అక్షరాలు, రెండు గుణింతపు గుర్తులు, మొత్తం ఆరింటికి 18 పోగా మిగిలినవి రెండే. దాంతో తర్వాతి ‘ప’ నడుం విరిగేది. నేను 20ని 21 చేశాను. డైమండు మాయం! ‘తెలుగు బగ్ ఫిక్స్’ అని రాసి పంపేసి, ఆ రోజంతా గాల్లో తేలాను.

ప్రాజెక్టుని చూసుకునే మెయింటెయినర్ ఒక్కటే అడిగారు: ‘21 ఎందుకు? అది మెసేజ్‌లో రాయండి’. విసుక్కుంటూ మొదలుపెట్టాను. ‘తెలుగులో ప్రతిదీ 3 బైట్లు కాబట్టి’ అని రాశాక చెయ్యి ఆగింది. మరి రెండు మాటల మధ్య ఖాళీ వస్తే? దానికి ఒక్క బైటే. ‘మన సమాచారపత్రిక’ అని ఇచ్చి చూద్దును కదా, డైమండు మళ్లీ హాజరు.

సరే, బైట్ల లెక్క మానేసి యూనికోడ్ గుర్తుల (అక్షరం, గుణింతం, పొల్లు దేనికదే ఒక గుర్తు) హద్దు దగ్గర కోసేలా మార్చి, ‘అక్షరం మధ్యలో తెగదు’ అని రాసి పంపాను. ‘అక్షరం అంటే మీ ఉద్దేశం ఏమిటి?’ అని మళ్లీ వెనక్కి. అప్పుడు వెలిగింది. ‘త్ర’ మనకి ఒక్క అక్షరం. కంప్యూటరుకి త, పొల్లు, ర అని మూడు. కోత సరిగ్గా పొల్లు తర్వాత పడితే నా కొత్త కత్తెర శీర్షికని ‘సమాచారపత్’ దగ్గర ఆపేసేది. ఒత్తుతో, గుణింతంతో సహా ఒకే ముద్దగా లెక్కించేలా మూడోసారి రాశాను. చివరికి వెళ్లిన మెసేజ్ ఇంచుమించు ఇది:

‘శీర్షికను కోసేటప్పుడు ఒత్తును విడదీయకు

20 బైట్ల దగ్గర కోస్తే తెలుగు అక్షరం సగంలో తెగుతోంది. బైట్ల సంఖ్య మార్చితే సరిపోదు, ఖాళీకి ఒకే బైటు. యూనికోడ్ గుర్తు హద్దు దగ్గర కోసినా “త్ర” లాంటివి విడిపోతాయి. అందుకే పూర్తి అక్షరాన్ని ఒక యూనిట్‌గా లెక్కిస్తున్నాం. జాబితా కొన్నిచోట్ల వెడల్పుగా కనిపించవచ్చు.’

డిఫ్‌లో 20 పోయి 21 వచ్చిందని కనిపిస్తుంది. కారణం మీ బుర్రలోనే ఉండిపోతుంది, మీరేమో రేపు ఇంకో ప్రాజెక్టుకి వెళ్లిపోతారు. ఆ లైను మీద ఎవరికో అనుమానమొచ్చి ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చూపే గిట్ బ్లేమ్ కొడితే మీ కమిట్ బయటికొస్తుంది. అక్కడ ‘ఫిక్స్‌డ్ బగ్’ అని ఉంటే ఏం చేసుకుంటారు? ఏం జరుగుతోంది, ఎప్పుడు జరుగుతోంది, ఈ దారే ఎందుకు పట్టారు – ఇవి రాసి పంపండి. రాస్తుంటే మీ మూడు లైన్లలో ఒకటి తప్పని తేలినా ఆశ్చర్యపోను.

ప్రశ్న: నా ఇంగ్లీషు అంతంతమాత్రం. మెసేజ్ రాయాలంటే భయం. కోడ్ మాత్రం పంపి ఊరుకోవచ్చా?

జవాబు: ఊరుకోకండి. కారణం ముందు తెలుగులోనే రాసుకోండి. కారణం స్పష్టంగా ఉంటే పొట్టి వాక్యాలు చాలు, వ్యాకరణం చూసి ప్యాచ్ తిప్పికొట్టిన మెయింటెయినర్ నాకింతవరకు తగల్లేదు. పైగా మొదటి లైనుకి కాలాల గొడవే లేదు. ‘ఫిక్స్‌డ్’ కాదు ‘ఫిక్స్’, ‘యాడెడ్’ కాదు ‘యాడ్’. జోడించాను అని కాకుండా జోడించు అని కోడ్‌కి ఆజ్ఞ ఇస్తున్నట్టు రాయాలి. గిట్ ప్రాజెక్టు తన సొంత ప్యాచ్‌లకి అడిగేదీ ఇదే పద్ధతి. గిట్ తనంతట తాను రాసే ‘మెర్జ్’, ‘రివర్ట్’ మెసేజ్‌లు చూడండి, అవీ అంతే.

ప్రశ్న: మొదటి లైను 50 అక్షరాలు దాటితే గిట్ ఒప్పుకోదా?

జవాబు: ఒప్పుకుంటుంది. 50 అన్నది అలవాటు, కింది వివరణ లైనుకి 72 అన్నదీ అంతే. వదిలిపెట్టకూడనిది ఆ రెండింటి మధ్య ఖాళీ లైను. 2005లో లీనస్ టోర్వాల్డ్స్ గిట్ రాసింది లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) కోసం. అక్కడ ప్యాచ్‌లు ఈమెయిల్లో తిరుగుతాయి, మెసేజ్ మొదటి పేరానే ఈమెయిల్ సబ్జెక్టు అవుతుంది. ఖాళీ లైను మరిస్తే మీ కథంతా సబ్జెక్టులోకి ఎక్కి కూర్చుంటుంది.

ప్రశ్న: బగ్ సరిచేస్తూ పనిలో పనిగా ఫైలంతా ఫార్మాట్ చేశాను, రెండు ఫంక్షన్ల పేర్లు కూడా మార్చాను. విడదీసి పంపమంటున్నారు. ఇంత చాదస్తమా?

జవాబు: మెసేజ్ రాస్తుంటే ‘ఇంకా’, ‘అలాగే’ అని వచ్చిందంటే అక్కడ కమిట్‌ని కోయాలన్నమాట. ఇది చాదస్తం కాదు, గిట్ బైసెక్ట్ అనేదొకటుంది. బగ్ ఎక్కడ మొదలైందో తెలియనప్పుడు చరిత్రని సగానికి సగం కోస్తూ వెతుకుతుంది. వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో దొరికిపోతుంది. తీరా దొరికింది మీ 600 లైన్ల ఫార్మాటింగ్ కమిట్ అయితే, అందులో తప్పు ఏ లైనులో ఉందో వెతికే పని మళ్లీ మొదటికి. మార్పుల్ని కమిట్‌కి సిద్ధం చేసే గిట్ యాడ్‌కి మైనస్ పి (-p) తగిలించండి. మార్పుల్ని ముక్కముక్కగా చూపించి, ఇది కావాలా వద్దా అని అడుగుతుంది. బగ్ ముక్కలు ముందు, పేర్లు తర్వాత, ఫార్మాటింగ్ చివర. ఫార్మాటింగ్ ఎవరైనా అడిగారా అని కూడా ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: మెసేజ్‌లో తప్పు రాసి పుష్ చేసేశాను, అంటే సర్వరుకి పంపేశాను. దిద్దుకునే దారి ఉందా?

జవాబు: అది మీ బ్రాంచ్‌లో (మీ పనికి విడిగా పెట్టుకున్న శాఖలో) ఆఖరి కమిట్ అయితే గిట్ కమిట్ అమెండ్ చేయండి. మెసేజ్ మారితే కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య) కూడా మారిపోతుంది, కాబట్టి మామూలు పుష్‌కి ఒప్పుకోదు. బలవంతంగా పంపాల్సిందే. ఉత్త ఫోర్స్ బదులు ఫోర్స్ విత్ లీజ్ వాడండి. ఈలోగా అదే బ్రాంచ్‌లోకి ఇంకెవరైనా ఏదైనా పంపి ఉంటే తొక్కేయకుండా ఆగుతుంది. ప్రాజెక్టు మెయిన్ బ్రాంచ్‌లో కలిసిపోయాక మాత్రం ముట్టుకోవద్దు, మీరు మార్చిన చరిత్ర అందరి కాపీలతోనూ తగాదా పడుతుంది. తర్వాతి కమిట్‌లో, ఫలానా కమిట్‌లో రాయని కారణం ఇదీ అని రాసేయండి.