షెడ్డు బయట నిలబడిపోయిన తమ్ముడు

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. నేను పదో తరగతిలో ఉండగా నాన్న ఒక పాత కారు కొన్నారు. ఒళ్ళంతా తుప్పు, ఇంజన్ బిగుసుకుపోయి ఉండేది. ఆదివారాలన్నీ నాన్నతోపాటు షెడ్డులోనే గడిపాను. ఇంజన్ విప్పి బిగించడం, పాయింట్లు సరిచేయడం అన్నీ ఆయనే నేర్పారు. తమ్ముడికి ఇప్పుడు 24. వాడు ఏనాడూ పానా పట్టలేదు. పన్నెండేళ్ళప్పుడు ఒకసారి వచ్చి కార్బురేటర్ జెట్ పోగొడితే నాన్న గట్టిగా తిట్టి పంపేశారు. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుకుంటాం. మొన్న నాన్న, ‘కారు వాడి పేరున రాస్తాను, మగపిల్లాడి దగ్గరుండాల్సిన వస్తువు’ అన్నారు. అప్పట్నుంచి నేను పుట్టింటికి వెళ్ళలేదు. ఆయన్ని ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒప్పించొద్దు. ఆయన డబ్బుతో కొన్న కారు, ఎవరికివ్వాలో ఆయనిష్టం. మీరు అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇంతకు మించి జవాబు లేదు.

ఆయన అన్న మాట మాత్రం ముమ్మాటికీ తప్పు. ఇన్నేళ్ళు కూతురి చేత పని చేయించుకుని, చివరికి ‘మగపిల్లాడు’ అనడం అన్యాయం. ఆ మాట ఆయన ముందే అనండి. ‘ఈ ఇంజన్ తిరుగుతోందంటే అందులో నా కష్టం కూడా ఉంది నాన్నా, దాన్ని తీసిపారేయకండి’ అని మర్యాదగా, కానీ గట్టిగా చెప్పండి. అక్కడితో ఆగండి. కారు ఊసెత్తకండి. కష్టాన్ని గుర్తించమని అడిగే హక్కు మీకుంది. వస్తువు కోసం తండ్రితో బేరమాడితే మీ విలువ మీరే తగ్గించుకున్నట్టు. నా నమ్మకం అది.

ఇక మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ జెట్ సంగతి. మీరు దాన్ని నవ్వుతూ రాశారు. నాకు నవ్వు రాలేదు.

జెట్ అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వెళ్ళే చిన్న ఇత్తడి ముక్క. మధ్యలో రంధ్రం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. చేతిలోంచి జారితే ఎటు దొర్లిందో కనిపించదు. అందుకే పని తెలిసిన మెకానిక్కులు కింద గుడ్డ పరుచుకుని మరీ విప్పుతారు. పన్నెండేళ్ళ పిల్లాడి చేతిలో అది పెట్టి గుడ్డ పరవకపోతే తప్పు ఎవరిది? మీరు మాత్రం పొరపాట్లు చేయలేదా? నాలుగు సిలిండర్ల ఇంజన్లు చాలావాటిలో ప్లగ్గులు వెలిగే వరస 1-3-4-2. కొత్తవాళ్ళు 1-2-3-4 అనుకుని తీగలు తగిలించేస్తారు, ఇంజన్ స్టార్టవదు. మీరూ ఎప్పుడో ఒకసారి అలా చేసే ఉంటారు. నాన్నగారు మళ్ళీ విప్పి చూపించి ఉంటారు. మీకు దొరికిన ఆ రెండో అవకాశం వాడికి దొరకలేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మీ ఇద్దరి మాటలు షెడ్డులోంచి వాడికి వినిపిస్తూనే ఉండి ఉంటాయి. అదే ఇంట్లో, అదే తండ్రి దగ్గర పెరిగినా, మీకు దొరికిన నాన్న వాడికి దొరకలేదేమో. తిండికి, చదువుకు లోటు చేసి ఉండరు. నేనంటున్నది పక్కన కూర్చోబెట్టుకుని ‘ఆ పన్నెండు–పదమూడు పానా ఇలా ఇయ్యరా’ అనడం గురించి. నాన్నగారికీ ఆ వెలితి తెలిసి ఉండొచ్చు. కొడుకుని ‘రారా, కూర్చో’ అని పిలవడం చేతకాని తండ్రులు వస్తువు తెచ్చి చేతిలో పెడతారు. మీరు కారు గురించి కొట్లాడుతున్నారు. నాకు మాత్రం మీరూ మీ తమ్ముడూ ఏమవుతారో అన్న దిగులే ఎక్కువగా ఉంది. పదిహేడేళ్ళ వయసులో ఇవన్నీ మీకు తెలియవు, తప్పు పట్టను. ఇప్పుడు తెలియాలి. అక్క మీరు.

ఈ ఆదివారం పుట్టింటికి వెళ్ళండి. పిలుపు కోసం చూడకండి. జెట్ కథ ఇంకెప్పుడూ ఎవరి ముందూ చెప్పకండి. వాడు మీతో కలిసి నవ్వినా సరే, చెప్పొద్దు. బ్రేక్ ఆయిల్ మార్చాలి, సాయం పట్టమని వాడిని అడగండి. ఇది వంక కాదు, నిజంగా చేయాల్సిన పనే. ఆ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరితే వేడికి తొందరగా మరిగి పెడల్ మెత్తబడిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. ఆయిల్ మార్చేటప్పుడు బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీయడానికి మామూలుగా ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర గాలి బయటికి పోయే నిప్పిల్ అనే చిన్న మరను వదులు చేసి, బుడగలు పోయాక బిగించాలి. బిగించకముందే పెడల్ వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. అంటే ఒకరి మాట ఒకరు వినక తప్పదు. పెడల్ దగ్గర మీరు కూర్చోండి, పానా వాడికివ్వండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టండి. ఆ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది కాబట్టి ఒక బకెట్ నీళ్ళు దగ్గరుంచుకోండి.

వాడు రానంటే బలవంతపెట్టకండి. మరో వారం మళ్ళీ అడగండి. వస్తే మాత్రం ఎక్కడో ఒకచోట ఆయిల్ ఒలకబోస్తాడు, నాన్నగారు అరవబోతారు. అప్పుడు ఆయన్ని ఆపాల్సింది మీరే. ఆ ఇంట్లో ఆయన మీ మాట తప్ప ఇంకెవరి మాటా వినరని మీ ఉత్తరమే చెబుతోంది.