మమ్మీ కట్లు విప్పకుండా లోపల ఏముందో సీటీ స్కాన్‌లో ఎలా తెలుస్తుంది? ఎంఆర్ఐ ఎందుకు తీయరు?

నేను సీటీ టెక్నీషియన్‌ని. మమ్మీని స్కాన్ చేసే అవకాశం నాకెప్పుడూ రాలేదు. కానీ 2021 చివర్లో ప్రాచీన ఈజిప్టు రాజు (ఫారో) మొదటి అమెన్‌హోటెప్ మమ్మీ స్కాన్ బొమ్మలు బయటికొచ్చినప్పుడు డ్యూటీ అయిపోయినా వాటిముందు నుంచి లేవలేకపోయాను. వాళ్లు వాడింది మేం రోజూ వాడే పద్ధతే.

సీటీ యంత్రం శరీరంలో ప్రతి చుక్కకీ సాంద్రతను బట్టి ఒక అంకె ఇస్తుంది. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకి 1000, ఆపైన. ఏ అంకెల మధ్య ఉన్నవి కనబడాలో స్కాన్ అయ్యాక కన్సోల్ దగ్గర కూర్చుని మనమే మార్చుకుంటాం. నారబట్ట అంకెలు తీసేస్తే చర్మం కనబడుతుంది, ఇంకా జరిపితే ఎముకలు మిగులుతాయి. బతికున్న మనిషికైతే రేడియేషన్ తగ్గించాలి, ఊపిరి బిగబట్టమనాలి. మమ్మీకి ఆ బాధ లేదు గనక ఎంత పలచటి స్లైసులైనా తీసుకోవచ్చు.

"గొలుసు, చెవులవి తీసెయ్యండమ్మా" అని పేషెంట్లకి రోజూ చెబుతాం, లోహం ఉంటే బొమ్మంతా తెల్లటి చారలు పడతాయని. మమ్మీలో వెతికేది ఆ నగలనే! అమెన్‌హోటెప్ కట్ల లోపల 30 తాయెత్తులు, బంగారు పూసల మొలతాడు దొరికాయి. సమాధి దొంగలు మెడ విరిచేస్తే, 400 ఏళ్లకు పైగా గడిచాక పూజారులు జిగురు పట్టించిన నారగుడ్డతో దాన్ని మళ్లీ అతికించి కట్టారు. నగలు కాజేయడానికే ఆ పూజారులు పాత మమ్మీలను విప్పారన్న అనుమానం ఉండేది. ఈయన విషయంలో అది నిలవదని ఆ స్కాన్‌ని పరిశీలించిన రేడియాలజిస్టు సహర్ సలీం, ఈజిప్టు పురావస్తు నిపుణుడు జాహీ హవాస్ రాశారు. ఆ చేతుల శ్రద్ధ చూస్తే నాకూ అదే అనిపించింది.

మరో ఫారో టుటన్‌ఖామున్‌కి ఆ అదృష్టం లేదు. 1925లో జిగురుతో పెట్టెకి అతుక్కుపోయిన ఒంటిని ముక్కలు చేసి బయటికి తీశారు. 1968లో ఎక్స్‌రే తీస్తే పుర్రెలో ఎముక ముక్క కనబడి, తలమీద కొట్టి చంపారన్న కథ పుట్టింది. ఎక్స్‌రేలో అన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి, లోతు తెలియదు. 2005 సీటీలో చూస్తే పుర్రెలోని ఎముక ముక్కలు, మమ్మీ చేసేటప్పుడు అందులో పోసిన జిగురులో ఇరుక్కోకుండా విడిగా ఉన్నాయి. అంటే ఊడింది ఆ తర్వాతే. ఎడమ మోకాలి పైన విరిగినచోట మాత్రం పగులులోకి జిగురు దిగింది, మానిన గుర్తు లేదు. చావుకి కాస్త ముందు తగిలిన గాయమని బృందంలో కొందరు అన్నది అందుకే. ఏది ముందు, ఏది తర్వాత అన్నది జిగురే చెప్పేసింది.

ఎంఆర్ఐ సంగతి చిన్నదే. అది ప్రధానంగా ఒంట్లో నీటి మీద ఆధారపడుతుంది. నేట్రాన్ ఉప్పులో ఎండబెట్టిన శరీరంలో నీరెక్కడిది? మామూలు ఎంఆర్ఐలో దాదాపు అంతా నల్లగానే వస్తుంది.

నా దృష్టిలో అసలు కష్టం మమ్మీని టేబుల్ మీదికి చేర్చడమే. వెన్నెముక విరిగిన పేషెంటును మార్చేటప్పుడే మా గుండెలు అరచేతిలో ఉంటాయి. అందుకే టుటన్‌ఖామున్ కోసం స్కానర్‌నే ఆయన సమాధి ఉన్న రాజుల లోయకి ట్రైలర్‌లో తెచ్చారు. మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీకీ 2016లో సీటీ తీశారు. వెళితే కాసేపు ఆగి చూడండి.