కొత్త చెక్క నేల కింద గ్యాస్ పైపు

ప్రశ్న: చెక్క ఫ్లోరింగ్ వేయించి నెల కూడా కాలేదు. ఇప్పుడు పొయ్యిని ఎదురు గోడకు మార్చాలనుకుంటున్నాం. పైపు నేల కింద నుంచి వేస్తామంటున్నారు. పలకలన్నీ ఊడదీయాల్సిందేనా?

జవాబు: అన్నీ అక్కర్లేదండీ. ముందు ఆ పలకల కింద ఏముందో చూడండి. కాంక్రీటు మీద పల్చటి ఫోమ్ పరిచి, పలకల్ని ఒకదాన్లో ఒకటి బిగించిన నేలైతే కింద వేలు దూరే సందుండదు. ఫోమ్ కోసి అందులో పైపు పడుకోబెడతామంటే ఒప్పుకోకండి. పలక అక్కడ ఉబ్బుతుంది, అడుగు వేసినప్పుడల్లా బరువంతా పైపు మీదే పడుతుంది, కొన్నాళ్లకు పలకల అతుకులు విడిపోతాయి. అలాంటి ఇంట్లో గోడ వెంబడి, కంటికి కనబడేలా వేయించుకోవడమే మంచిది. అందం కాస్త తగ్గితే తగ్గింది.

దూలాల మీద కొట్టిన పలకలైతే కింద ఖాళీ ఉంటుంది కాబట్టి దారి దొరుకుతుంది. పైపు దూలాల వెంబడే వెళ్తే పని తేలిక: రెండు చివర్లా, క్లిప్పులు బిగించే చోట్లా పలకలు లేపితే చాలు. 15 మి.మీ. రాగి పైపుకు మీటరున్నరకో క్లిప్పు పడాలి.

దూలాలకు అడ్డంగా వెళ్లాల్సి వస్తేనే చిక్కు. పైపు కూర్చోవడానికి దూలంలో కోసే గాడి లోతు, దూలం ఎత్తులో ఎనిమిదో వంతు దాటకూడదు. అంటే 200 మి.మీ. దూలానికి 25 మి.మీ. 100 మి.మీ. కన్నా తక్కువ ఎత్తున్న దూలాన్ని అసలు కోయొద్దు. బరువుకు దూలం వంగేది నడిమధ్యలో కాబట్టి గాడి అక్కడ పడకూడదు. నాలుగు మీటర్ల దూలమైతే గోడ నుంచి 28 సెం.మీ.కీ మీటరుకీ మధ్య ఎక్కడైనా కోయవచ్చు. గాడిని పైపు కన్నా కాస్త వెడల్పుగా ఉంచి, లోపల ఫెల్టు ముక్క వేయండి. బిగుతుగా ఉంటే చెక్క కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది. గాడి మీద ఉక్కు పట్టీ తప్పనిసరి.

పలక లేపేటప్పుడు రంపం లోతును పలక మందానికే సరిపెట్టుకోవాలి, కింద కరెంటు వైర్లుండొచ్చు. రెండు పక్కలా నాలుకను (పక్క పలక గాడిలో దూరే అంచును) కోసి, చివరలను దూలం నడిమి మీద తెంపితే మళ్లీ కూర్చోబెట్టడానికి ఆసరా ఉంటుంది.

నేల కింద వీలైనంత వరకు అతుకే లేకుండా, చుట్టగా వచ్చే మెత్తని రాగి పైపు ఒకటే ముక్కగా లాగించండి. నట్టు బిగించే జాయింటు మూసేసే చోట పనికిరాదు. అతుకు తప్పకపోతే బయట మంట టార్చితో అతికించి, ఫ్లక్సు (అతుకు పట్టడానికి పూసే పేస్టు) తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, చల్లారాకే లోపలికి తోయాలి. మిగిలిన ఫ్లక్సు రాగిని తినేస్తుంది. నేల కింద టార్చి వెలిగిస్తే, రంపపు పొట్టులో పడ్డ నిప్పు గంటల తర్వాత కూడా రాజుకోవచ్చు.

పలకలు మూయకముందే పరీక్ష చేయించండి. గ్యాస్ కొళాయిలన్నీ మూసి, పైపులో గాలి కొట్టి, నీళ్ల గేజీలో (ఒత్తిడిని నీటి మట్టంతో చూపే గొట్టంలో) 200 మి.మీ. (సుమారు 20 మిల్లీబార్లు) దాకా తెచ్చి, ఒక నిమిషం కుదుటపడనిచ్చి, మరో రెండు నిమిషాలు చూడాలి. కొత్త పైపులో మట్టం వెంట్రుకవాసి కూడా దిగకూడదు. పలకలు బిగించాక ఇదే పరీక్ష మళ్లీ చేయించాలి. ఇక్కడో మాయ ఉంది: పైపులోకి దిగిన స్క్రూ తన రంధ్రాన్ని తానే మూసుకుని పరీక్ష నెగ్గేస్తుంది, నెలల తర్వాత వదులై గ్యాస్ వదులుతుంది. అందుకే మూసేముందు పైపు దారిని పలకల మీద గీసి, పక్కన కొలత టేపు పెట్టి ఫొటో తీసుకోండి. ఈ పని లైసెన్సున్న గ్యాస్ ఫిట్టరుదే.

ఎల్‌పీజీ గాలి కన్నా బరువు. కారితే నేల కిందే చేరుతుంది, ముక్కుకు వాసన ఆలస్యంగా తగులుతుంది. కింది ఖాళీకి గాలి పోసే కంతలు మూసి ఉంటే తెరిపించాకే పైపు వేయించండి.

ప్రశ్న: మాకు పైపుల్లో వచ్చే గ్యాసు. కొత్త లైను తొమ్మిది మీటర్లు, ఆరు ఎల్బోలు (మలుపు జాయింట్లు). అన్ని బర్నర్లూ వెలిగిస్తే మంట మెత్తబడుతోంది. ఎందుకు?

జవాబు: ఒక్కో ఎల్బోను అర మీటరు పైపుగా లెక్కేయండి, మీ లైను పన్నెండు మీటర్లైంది. గ్యాస్ మీటరు నుంచి పొయ్యికి చేరేలోగా ఒత్తిడి ఒక మిల్లీబారు కన్నా ఎక్కువ పడిపోతే మంట ఇలాగే ఉంటుంది. పెద్ద మంటలన్నీ వెలిగించి ఫిట్టరు చేత రెండు చోట్లా కొలిపించండి. తేడా ఎక్కువుంటే, పొయ్యి దగ్గరి చివరి ముక్క వదిలేసి మిగతా లైను 22 మి.మీ.కి మార్చాలి. ఎల్బోల బదులు పైపునే వంచితే ఇంకా మేలు.

ప్రశ్న: పొయ్యికి వాడే రబ్బరు గొట్టాన్నే నేల కింద లాగొచ్చా?

జవాబు: వద్దు. ఎలుక కొరికినా, ఎండి పగిలినా చూసే వీలుండదు. దాని చోటు పొయ్యి వెనక, కనబడే చోట.