ఫోన్‌లో ఒప్పించిన క్లెయిమ్స్ కంపెనీని వదిలించుకోవాలంటే

చిరంజీవి శ్రావణికి ఆశీస్సులు.

అక్కడ బ్రిటన్‌లో నీ కారు ఫైనాన్స్ (కారు అప్పు) మీద పరిహారం ఇప్పించి, అందులో ఫీజు తీసుకుంటామని ఫోన్ చేసిన క్లెయిమ్స్ కంపెనీవాళ్లకి కార్డు నంబరు చెప్పి, లింకులో సంతకం కూడా పెట్టేశానని రాశావు. కంగారు పడకు, కానీ ఇవాళే కదులు.

ముందు వాళ్లెవరో తేల్చుకో. ఒప్పందంలో ఉన్న పేరు ఎఫ్‌సీఏ (ఆర్థిక సంస్థల్ని నియంత్రించే సంస్థ) రిజిస్టర్‌లో ఉందేమో చూడు. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి ఈ కంపెనీలు ఎఫ్‌సీఏ కిందే ఉన్నాయి. సొలిసిటర్ల (లాయర్ల) సంస్థ అయితే, వాళ్లని నియంత్రించే ఎస్‌ఆర్‌ఏ దగ్గర వెతకాలి. ఎక్కడా లేకపోతే అది మోసమనే అనుకో. వెంటనే 159కి ఫోన్ చేసి మీ బ్యాంకుతో మాట్లాడు.

నిజమైన కంపెనీయే అయితే, ఒప్పందం కుదిరాక 14 రోజుల్లోపు కారణం చెప్పకుండానే రద్దు చేసుకోవచ్చు, కట్టినదంతా వాళ్లు తిరిగివ్వాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకు, ఈమెయిల్ పంపు. అందులో తేదీ, రిఫరెన్స్ నంబరు, మూడు ముక్కలు చాలు: ఈ ఒప్పందం రద్దు చేస్తున్నాను, నా డబ్బు మొత్తం తిరిగి పంపండి, నా తరఫున మాట్లాడే అధికారం ఈ రోజుతో తీసేస్తున్నాను. అనుమతి అడుగుతున్నట్టు రాశావంటే, నిన్ను ఆపడానికి మళ్లీ ఫోన్ చేస్తారు.

ఆ మూడో ముక్కని, కారుకి అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీకీ విడిగా పంపు. చాలామంది వదిలేసేది ఇదే. పాత అధికార పత్రం వాళ్ల ఫైల్లో ఉన్నంతకాలం ఉత్తరాలూ, ఒక్కోసారి పరిహారం డబ్బూ నేరుగా క్లెయిమ్స్ కంపెనీకే వెళ్లి, ఫీజు కోసుకున్నాక మిగిలింది నీకొస్తుంది.

బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ ఆపేస్తే పని అయిపోయిందనుకోకు. ఒప్పందం బతికే ఉంటుంది, బాకీ అంటూ నోటీసులొస్తాయి. రద్దు మెయిల్ పంపాకే బ్యాంకుకి చెప్పు. కార్డు నుంచి నెలనెలా లాగుతుంటే, నువ్వు అడిగితే బ్యాంకు ఆపాల్సిందే. ముందు కంపెనీని అడగమంటే ఒప్పుకోకు.

14 రోజులు దాటినా రద్దు చేసుకోవచ్చు. అప్పుడు నిజంగా చేసిన పనికి న్యాయమైన రుసుము అడిగే వీలు వాళ్లకుంటుంది. ఏ తేదీన ఏం చేశారో విడివిడిగా రాసివ్వమని అడుగు. అందరికీ పంపే అచ్చు ఉత్తరం ఒకటి పంపి వందల పౌండ్లు అడగడం అన్యాయం, గట్టిగా నిలబడు. ఫైనాన్స్ కంపెనీ ఇప్పటికే పరిహారం ఇస్తామని ఉంటే మాత్రం ఫీజు తప్పకపోవచ్చు.

నీ డబ్బు తిరిగి ఇవ్వం అని క్లెయిమ్స్ కంపెనీ అంటే, వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి. నీ అనుమతి లేకుండా ఫోన్ చేసిన తేదీ, నంబరు కూడా అందులో రాయి. నువ్వు ఒప్పుకోకుండా ఇలాంటి కాల్స్ చేయడం 2018 సెప్టెంబర్ నుంచి నిషేధం. ఎక్కడో వెబ్‌సైట్లో టిక్కు పెట్టావంటారు, ఎప్పుడు ఎక్కడో చూపించమను. 8 వారాల్లో తేల్చకపోయినా, తేల్చింది నీకు నచ్చకపోయినా ఇలాంటి తగాదాలు తీర్చే స్వతంత్ర సంస్థ ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లు, పైసా ఖర్చుండదు. తుది జవాబు వచ్చాక 6 నెలల్లోపు వెళ్లాలి. సొలిసిటర్లయితే లీగల్ అంబుడ్స్‌మన్. క్రెడిట్ కార్డుతో 100 పౌండ్లకి మించిన సేవ కొన్నావంటే సెక్షన్ 75 (అమ్మినవాళ్లతో పాటు కార్డిచ్చిన బ్యాంకూ బాధ్యత వహించాలనే నిబంధన) కింద బ్యాంకునీ అడుగు, డెబిట్ కార్డయితే చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు బ్యాంకు వెనక్కి రప్పించడం) అడుగు.

కొన్నాళ్లకి, పోయిన డబ్బు ఇప్పిస్తాం, చిన్న ఫీజు కట్టండి అని ఇంకెవరో ఫోన్ చేయొచ్చు. ఫోన్ పెట్టేయ్. కారు ఫైనాన్స్ ఫిర్యాదు నువ్వే నేరుగా, ఉచితంగా ఫైనాన్స్ కంపెనీకి రాసుకోవచ్చు.

ఇట్లు,
మీ పెదనాన్న