వాలు వీధి బొమ్మలో ఇళ్లు జారిపోతున్నట్టు కనిపిస్తే

పాత నగరంలోని వాలు వీధిని స్కెచ్ వేసినప్పుడల్లా ఇళ్లు కిందికి జారిపోతున్నట్టు వస్తున్నాయని, స్కేలు వాడకపోవడమే కారణమా అని మీరు అడిగారు. స్కేలు అవసరం లేదు. గీత కొంచెం వణికినా బొమ్మ నిలబడుతుంది కానీ, కంటిమట్టం తప్పితే నిలబడదు.

ముందుగా మీ కంటి ఎత్తును సూచిస్తూ కాగితానికి అడ్డంగా ఒక సన్నని గీత గీయండి. నేల ఎంత వాలుగా ఉన్నా కిటికీలను, బాల్కనీలను సమతలంగానే కడతారు కాబట్టి, వీధి పొడవునా సాగే వాటి అంచులన్నీ ఆ గీత మీది ఒకే బిందువు వైపు వెళతాయి. వీధి అంచులు మాత్రం అక్కడికి చేరవు. మీరు ఎగువకు చూస్తుంటే ఆ బిందువుకు నేరుగా పైన, దిగువకు చూస్తుంటే నేరుగా కింద ఉన్న మరో బిందువులో కలుస్తాయి. మీరు కిటికీలను కూడా వీధి బిందువుకే లాగి ఉంటారని నా అనుమానం. వీధి వంపు తిరిగితే ఒక్కో ఇంటికి ఒక్కో బిందువు వస్తుంది, అయితే అన్నీ కంటిమట్టం మీదే ఉంటాయి.

ఒక ఇంటి అడుగుభాగాన్ని దగ్గరగా గమనించండి. పునాది గోడ ఎగువ చివర నేలలో కలిసిపోయి, దిగువ చివర మోకాలెత్తున పైకి తేలుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆ సన్నని త్రికోణాన్ని శ్రద్ధగా గీస్తే, వీధి వాలు చూసేవారికి వెంటనే తెలుస్తుంది.

నిలువు గీతల కోసం పెన్సిల్‌ను పైకొనతో వదులుగా పట్టుకుని వేలాడదీసి, గోడతో పోల్చి చూడండి. పాత గోడలు కొన్ని నిజంగానే ఒరిగి ఉంటాయి, వాటిని సరిదిద్దకుండా ఉన్నవి ఉన్నట్టే గీయండి.