రెండంతస్తుల ఇంటికి సేఫ్టీ బెల్టు ఒక్కటే సరిపోతుందా?

భీమవరం వైపు ఇల్లు కట్టిస్తున్నవారు, మేస్త్రీ బెల్టులిస్తే చాలంటున్నాడని, అది నిజమేనా అని అడిగారు. చాలదు. బెల్టుకు ఉండే సుమారు 2 మీటర్ల తాడు, కుదుపును తగ్గించడానికి చిరుగుతూ సాగే పట్టీ, మనిషి పొడవూ కలిపితే, తాడు కట్టిన చోటు నుంచి కింద దాదాపు 6 మీటర్ల ఖాళీ ఉండాలి. మొదటి శ్లాబు ఎత్తు మాత్రం 3 మీటర్లే కాబట్టి, పాదాల దగ్గర తాడు కట్టుకున్న మనిషి అది బిగిసేలోపే నేలకు తగులుతాడు. 3 మీటర్ల నుంచి పడితే నేల చేరడానికి 0.8 సెకను పడుతుంది, అప్పటికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు.

అందువల్ల ముందు శ్లాబు అంచున నడుము ఎత్తు కంచె కట్టించండి, మెట్ల ఖాళీని పలకలతో మూయించండి. డెల్టాలో అసలు చిక్కు నేలది. వాన పడితే ఒండ్రుమట్టిలో సరుగుడు కర్ర దిగబడి పరంజా ఒరుగుతుంది. ప్రతి కర్ర కిందా మందపాటి చెక్క వేయించి, వాన వెలిసిన ప్రతిసారీ కట్లు బిగించి చూడాలి. ఆ పని చిన్నదే, అయినా ఎవరూ చేయరు.

ఇక కూలీలకిచ్చే శిక్షణ అంటే ఉపన్యాసం కాదు. బెల్టు నడుముకు కాక, భుజాలు, తొడలు పట్టే ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణపు హార్నెస్ అయి ఉండాలి. దాన్ని ప్రతి కూలీ చేతా తొడిగించి, కొక్కెం పరంజా కర్రకు కాకుండా తలకు పైనున్న గట్టి కాంక్రీటు దూలానికి చుట్టిన పట్టీకి తగిలించడం చూపించాలి. నిచ్చెన కింది కొస 4 అడుగుల ఎత్తుకు అడుగు చొప్పున గోడకు ఎడంగా ఉండాలి.